రూపాయి తలరాత

2010 జూన్ 24, గురువారం. ఢిల్లీ ఉడికిపోతోంది. కేంద్ర కేబినెట్ కూర్చుంది. ఫైళ్లు ఒకదాని వెనక ఒకటి కదులుతున్నాయి. వాటి మధ్య ఒక వింత ఫైలు. అందులో బిల్లు లేదు, కేటాయింపు లేదు, టెండర్ గొడవ లేదు. ఐదు గుర్తులున్నాయి. అంతే. ఐదింట్లో ఏ ఒక్కదానికి మంత్రులు ఊ అన్నా అది 120 కోట్ల మంది జేబుల్లోకి, బ్యాంకు పాస్‌బుక్కుల్లోకి, కిరాణా కొట్టు రేట్ల పలక మీదకి, పెళ్లి పందిట్లో చదివింపుల పుస్తకంలోకి, లండన్‌లోనో టోక్యోలోనో కూర్చుని రేట్లు చూసుకునే బ్రోకరు కంప్యూటర్ తెర మీదకి ఎక్కేస్తుంది. ఊ అనే వేళైంది. ఆర్థికమంత్రి ప్రణబ్ ముఖర్జీ ఇప్పుడొద్దన్నారు. ఫైలు పక్కకు జరిగింది.

ముంబైలో అప్పటికే వానాకాలం. పోవై చెరువు నిండే రోజులు. చెరువు ఒడ్డున ఐఐటీ బాంబే. నీళ్లలో మొసళ్లు, వెనక అడవిలో చిరుతలు, మధ్యలో హాస్టళ్లు. ఆ క్యాంపస్‌లో ఇండస్ట్రియల్ డిజైన్ సెంటర్ అని ఒకటుంది. అందరూ ఐడీసీ అంటారు. అక్కడ ఒక పరిశోధక విద్యార్థి పీహెచ్‌డీ చివరి దశలో ఉన్నాడు. వయసు 31. గువాహటి ఐఐటీలో పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చింది. చేరాల్సిన తేదీ జులై 16. ఢిల్లీలో పక్కకు జరిగిన ఫైల్లో ఒక గుర్తు అతనిది. పేరు డి. ఉదయకుమార్. ఇక మూడు వారాలే ఉన్నాయి. ఈ లోపు తేలుతుందా?

పదిహేను నెలలు వెనక్కి.

2009 మార్చి 5. ఆర్థిక శాఖ ఒక ప్రకటన వదిలింది. రూపాయికి గుర్తు కావాలి. గీసి పంపండి. గెలిచినవాళ్లకి రెండున్నర లక్షలు. షరతులు కొన్నే, కానీ ఒక్కోటీ గట్టిది. దేశ చరిత్ర, సంస్కృతి అందులో కనబడాలి. భారతీయ లిపిలోనన్నా ఉండాలి, లేదా బొమ్మన్నా కావాలి. మామూలు కీబోర్డు మీద ఇమడాలి. చదవడానికి సులువే. గీయడానికి కూర్చుంటే తెలుస్తుంది.

అప్పటిదాకా రూపాయికి గుర్తంటూ లేదు. ఇంగ్లిషులో ఆర్ పక్కన ఎస్, ఆ పక్కన చుక్క. ఒక్క రూపాయే అయితే ఆర్ పక్కన ఈ. హిందీలో 'రు'. తెలుగులో 'రూ', పక్కన చుక్క, అంకె అయ్యాక ఒక వాలుగీత, ఒక అడ్డగీత. ఆ చివరి గీతలు అందం కోసం కాదు, ఎవడూ వెనక ఇంకో సున్నా చేర్చకుండా. ఇదే ఆర్ఎస్‌ని పాకిస్తాన్ రాసుకుంటోంది. శ్రీలంక, నేపాల్, మారిషస్, సీషెల్స్ కూడా. తెర మీద ఆర్ఎస్ వంద అని కనబడితే ఆ వంద ఎవరిదో పక్కనున్న దేశం పేరు చూసుకుని తెలుసుకోవాలి. డాలర్‌కి సొంత గుర్తుంది. పౌండ్‌కి ఉంది. యెన్‌కి ఉంది. ఎక్కడో పుట్టి పదేళ్లు తిరిగేసరికి యూరో కూడా ఆ పంక్తిలో కూర్చుంది. రూపాయి ఒక్కటీ గడప బయటే నిలబడింది.

దేశమంతా పెన్సిళ్లు చెక్కింది. ఆర్కిటెక్టులు, ఆర్టిస్టులు, కాలేజీ పిల్లలు. వచ్చి పడ్డ ఎంట్రీలు 3,331. ఆ కుప్పలో ఒక కాగితం మిగతావాటికంటే ముందు కనబడాలంటే ఏం చెయ్యాలి?

ఉదయకుమార్ ఏళ్ల తరబడి చేస్తున్న పని వేరే. అతని లోకం తమిళ అక్షరం. పుట్టింది 1978లో, తమిళనాడు కళ్లకురిచ్చిలో. చదువు చెన్నైలో. 2001లో అన్నా యూనివర్సిటీ నుంచి ఆర్కిటెక్చర్ పట్టా. ఇళ్లు, ఆఫీసులు కట్టాల్సిన మనిషి. ముంబైకి వచ్చి ఐడీసీలో విజువల్ కమ్యూనికేషన్ చదివాడు. 2003లో మాస్టర్స్ పూర్తయ్యేలోపు 'పరాశక్తి' అని ఒక తమిళ ఫాంట్ గీశాడు. అక్కడితో ఆగలేదు. మళ్లీ అదే ఐడీసీలో పీహెచ్‌డీకి చేరాడు. అంశం తమిళ అచ్చు అక్షరాలు. తండ్రి ఎన్. ధర్మలింగం రాజకీయాల్లో ఉన్న మనిషి, ఒకప్పుడు ఎమ్మెల్యే. ఏ పార్టీ అన్నది 2009లో ఎవరికీ పట్టలేదు. పట్టే రోజు వస్తుంది.

తమిళ అచ్చు అంటే చిన్న సంగతి కాదు. భారతీయ లిపుల్లో మొట్టమొదట అచ్చుకెక్కింది తమిళమే. 1578లో, కొల్లంలో. పోర్చుగీసు మిషనరీలు సీసం అచ్చులు పోయించి ఒక చిన్న మతగ్రంథం వేశారు. తాటాకు మీద గంటంతో గీసిన అక్షరం లోహంలోకి ఎలా దిగింది? దిగేటప్పుడు ఏ మెలిక సాగింది, ఏ కొమ్ము విరిగింది? 'క'కి నడుం ఎక్కడ, తల ఎక్కడ? ఇలాంటి ప్రశ్నలతో రోజులు గడిపేవాళ్లు ఎక్కడైనా తక్కువే. ఐడీసీలో మాత్రం ఈ పిచ్చి పాతదే. 1969లో పెట్టిన ఆ సంస్థలో ఆర్.కె. జోషి అని ఒక అక్షర శిల్పి ఏళ్ల తరబడి పాఠాలు చెప్పారు. ఆయన పేరు తెలుగువాళ్లలో ఎక్కువమందికి తెలీదు. ఆయన పని మాత్రం అందరం చూశాం. ఒకప్పుడు విండోస్ కంప్యూటర్ తెరిస్తే తెలుగు కనబడేది 'గౌతమి' ఫాంట్‌లోనే. అది జోషి నడిపిన బృందం పనే. హిందీకి 'మంగళ్', తమిళానికి 'లత' కూడా వాళ్లవే. జోషి 2008లో పోయారు. ఆ మరుసటి ఏడే ఢిల్లీ ప్రకటన వచ్చింది.

మార్చి ఉక్క. బల్ల మీద తెల్ల కాగితాలు. చేతిలో పెన్సిలు.

ఈ దేశానికి గుర్తు గీయమంటే ఎవరి చేతికైనా ముందు తగిలేవి చక్రం, తామర, నెమలి. అవి బొమ్మలు. స్టాంపు మీద బాగుంటాయి. కానీ అంకె పక్కన రోజుకి వందసార్లు రాయాల్సింది బొమ్మ కాదు, అక్షరం. కూరగాయలమ్మి అట్టముక్క మీద సుద్దతో గీయగలగాలి. గుమాస్తా పెన్ను ఎత్తకుండా, అటూ ఇటూగా, రాసిపారేయగలగాలి. పేపరులో షేర్ల పేజీలో చీమతలంత సైజులో వేసినా మసకబారకూడదు. ఇన్ని బరువులు మోసే గుర్తు లోపల ఎంత ఖాళీగా ఉంటే అంత మంచిది. ఖాళీగా ఉంచుతూనే దేశాన్ని ఎలా ఇరికించాలి?

పాత గుర్తులన్నీ ఒకే సూత్రం మీద నడిచాయి. ఒక అక్షరం, దాని మీద ఒక గీత. పౌండ్ అంటే ఎల్, దాని నడుం మీద అడ్డగీత. డాలర్ అంటే ఎస్, నిలువుగీత. యెన్ అంటే వై, రెండు అడ్డగీతలు. 1996లో యూరప్ తన గుర్తు బయటపెట్టినప్పుడు గ్రీకు ఎప్సిలాన్ తీసుకుని దాని పొట్ట మీద రెండు గీతలు లాగింది. గీత పడగానే అక్షరం డబ్బుగా మారుతుంది. ఎక్కడా రాసిపెట్టుకోని ఒప్పందం ఇది. రూపాయికీ అక్షరం దొరికితే గీత దానంతటది వస్తుంది. అక్షరం 'ర' అన్నది తేలికే. ఏ లిపిలో 'ర'?

ఇక్కడ ఇరుకు. తమిళ 'ర' గీస్తే లక్నోలో తెలీదు. తెలుగు 'ర' గుండ్రంగా, నెత్తిన తలకట్టుతో ముద్దుగా ఉంటుంది, అమృత్‌సర్‌లో ఎవరికీ అందదు. అన్ని లిపుల్నీ కలిపి పిండితే ఏదీ మిగలదు. పైగా బయట దేశంవాడు చూడగానే ఇది ఆర్‌తో మొదలయ్యే డబ్బు అని తోచాలి. లోపలివాడికి సొంతం, బయటివాడికి సులువు. రెండూ ఒకే గీతలో.

అప్పుడు పైకి చూశాడు. అక్షరం పైకి.

రోమన్ అక్షరాలు నేల మీద నిలబడతాయి. కింద కనబడని గీత ఒకటుంటుంది, ఏ, బీ, సీ అన్నీ దాని మీదే కాళ్లు ఆనించుకుంటాయి. నాగరి అలా కాదు. అక్షరాలన్నీ పైనున్న గీతకి వేలాడతాయి. శిరోరేఖ అంటారు. ముందు అక్షరాలు, ఆ మీద ఒక్క లాగుడులో గీత. పడమటి దేశాలవాళ్లకి అది వింత. అక్షరం చదవడం రానివాడు కూడా ఆ పైగీత చూసి ఇది ఇండియాదని పోల్చుకుంటాడు. ఉదయకుమార్‌కి కావాల్సింది అదే. తర్వాత విలేకరులు ఎన్నిసార్లు అడిగినా అతను ముందుగా చెప్పింది శిరోరేఖ గురించే. గుర్తుకి ప్రాణం అక్కడుంది.

విచిత్రం ఏంటంటే, ఆ గీత అతని పరిశోధనలో ఎక్కడా లేదు. తమిళానికి శిరోరేఖ లేదు. తెలుగుకి లేదు, కన్నడానికి లేదు, మలయాళానికీ లేదు. తాటాకు మీద గంటంతో పొడుగ్గా అడ్డగీత లాగితే ఆకు నార వెంట చీలిపోతుందని, అందుకే దక్షిణాది అక్షరాలు మెలికలు తిరిగాయని చెబుతారు. ఏళ్ల తరబడి ఆ మెలికల మధ్యే తిరిగిన చెయ్యి ఇప్పుడు కాగితం మీద తిన్నని అడ్డగీత లాగింది. ఆకు ఐతే చీలేది.

గీత కింద నాగరి 'ర' వేలాడింది. చిన్న వంపు, కిందకి వాలిన కాలు. పక్కన రోమన్ ఆర్. దానికీ ఒక వంపు, ఒక వాలుకాలు, ఎడమ పక్కన నిలువు వెన్ను. ఆ వెన్ను తీసేశాడు. రెండు అక్షరాలూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. హిందీ చదివేవాడు చూస్తే 'ర'. ఇంగ్లిషు చదివేవాడు చూస్తే ఆర్. ఇద్దరూ చూస్తున్నది ఒకటే.

ఇంకో గీత మిగిలింది. డబ్బుగా మార్చే గీత. శిరోరేఖ కిందే, దానికి సమాంతరంగా, వంపు నడుముని కోస్తూ రెండోది పడింది. రెంటి మధ్య తెల్లటి ఖాళీ. పైన నలుపు, మధ్యలో తెలుపు, కింద మళ్లీ నలుపు. రంగుల్లేకుండానే మూడు పట్టీల జెండా అక్కడ ఎగిరింది. లెక్కల పుస్తకంలో అవే రెండు గీతలు ఈక్వల్‌టూ. ధనిక, పేద తేడా తగ్గాలన్న ఆశ అందులో ఉందని తర్వాత చెప్పుకున్నారు. ఆ ఆశ సంగతి ఎలా ఉన్నా గీతలు మాత్రం కచ్చితంగా సమానం.

తర్వాతిది అచ్చు పని. గళ్ల కాగితం. అంకెల ఎత్తు ఎంతో గుర్తు ఎత్తూ అంతే ఉండాలి. లేకపోతే ఒకటి పక్కన గుర్తు మరుగుజ్జులా కనబడుతుంది, లేదా సున్నా మీదకి ఎగబడుతుంది. గీత మందం అంకె మందంతో కలవాలి. రెండు గీతల మధ్య ఖాళీ ఇరుకైతే చిన్న సైజులో సిరా ముద్దై జెండా మాయమైపోతుంది. వెడల్పైతే గుర్తు వదులైపోతుంది. వాలుకాలు ఎక్కడ ఆగాలి? ఆర్కిటెక్టుగా చదివినవాడు స్తంభం దించినట్టే దించాడు, నేల తగిలేదాకా. ₹. చూస్తే ఐదు సెకన్ల పని. ఎవరైనా గీసేస్తారు. అదే దాని గొప్ప, తర్వాత దాన్ని తిట్టినవాళ్ల ఆయుధం కూడా అదే. కాగితం ఢిల్లీకి వెళ్లింది. 3,331లో ఒకటై కలిసిపోయింది.

నెలలు దొర్లాయి. రిజర్వ్ బ్యాంక్ డిప్యూటీ గవర్నర్ పెద్దగా ఉన్న జ్యూరీ ఆ కుప్పని జల్లెడ పట్టింది. మిగిలినవి ఐదు. ఆర్కిటెక్టు చార్లెస్ కొరియా కూతురు, తనూ ఆర్కిటెక్టే అయిన నొందితా కొరియా మెహ్రోత్రా. హితేష్ పద్మశాలి. కె.కె. షిబిన్. షారుఖ్ ఇరానీ. ఐదో పేరు ఉదయకుమార్. 2010 ఫిబ్రవరి 26న బడ్జెట్ చదువుతూ ప్రణబ్ ముఖర్జీ ఈ సంగతి లోక్‌సభలో చెప్పారు. భారతీయ సంస్కృతిని పట్టిచూపే గుర్తు వస్తుంది, డాలర్, పౌండ్, యూరో, యెన్ పక్కన రూపాయి నిలబడుతుంది అని. నిలబెట్టేది ఎవరి గుర్తో చెప్పలేదు. మార్చి, ఏప్రిల్, మే. జూన్ 24న తేలాల్సింది తేలలేదు.

జులై 15, గురువారం. కేబినెట్ మళ్లీ కూర్చుంది. మళ్లీ అదే ఫైలు, అవే ఐదు గుర్తులు. ఉదయకుమార్‌కి ఉద్యోగంలో చేరడానికి మిగిలింది ఒక్క రోజు. ఈసారి ఎవరూ వాయిదా అనలేదు.

సమాచార మంత్రి అంబికా సోనీ బయటికొచ్చి విలేకరులకి చెప్పారు. రూపాయికి గుర్తు దొరికింది. దేశంలో ఆరు నెలల్లో, ప్రపంచంలో ఏడాదిన్నర, రెండేళ్లలో వాడుకలోకి వస్తుంది. టీవీలన్నీ ఒక్కసారిగా తెర నిండా రెండు గీతలూ ఒక వంపూ వేశాయి. గీసిందెవరు? ముంబై ఐఐటీ కుర్రాడట. తమిళుడట. ఫోన్లు మొదలయ్యాయి. ఆ క్షణం దాకా అక్షరాల గురించి ఏ చానలూ ఎవరినీ ఏమీ అడిగి ఎరగదు. ఇప్పుడు అందరికీ శిరోరేఖ కావాలి. ఒక పరిశోధక విద్యార్థి కెమెరాల ముందు నిలబడి నాగరి ఎక్కడ, రోమన్ ఎక్కడ, జెండా ఎక్కడ అని వేలితో చూపిస్తూ ఆ ఒక్కరోజే టీవీల్లో దేశం మొత్తానికి టైపోగ్రఫీ మొదటి పాఠం చెప్పాడు. మర్నాడు అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరాల్సింది గువాహటిలో. మొదటి క్లాసు ముందే అయిపోయింది.

గుర్తు గెలిచింది. రాయడం ఎలా?

చేత్తో రాయొచ్చు. కీబోర్డు మీద మాత్రం ఎక్కడా లేదు. ప్రపంచంలో ఏ ఫాంట్‌లోనూ లేదు. మంగళూరులో ఫొరాడియన్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ కుర్రాళ్లు ఆగలేదు. వెంటనే ఒక ఫాంట్ చేసి ఉచితంగా వదిలేశారు. కిటుకు సులువు. కీబోర్డులో ట్యాబ్ మీటకి పైన ఎవరూ పట్టించుకోని ఒక మీట ఉంటుంది, వెనక్కి వాలిన చిన్న కొమ్ము గుర్తుది. ఆ కొమ్ము స్థానంలో రూపాయిని కూర్చోబెట్టారు. జనం ఎగబడ్డారు. ఆఫీసుల్లో లెటర్లు, కొటేషన్లు, బిల్లులు అన్నిటి మీదా కొత్త రూపాయి మెరిసింది. ఫైలు పక్క కంప్యూటర్‌కి పంపారు. అక్కడ తెరిచి చూస్తే రూపాయి లేదు!

ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌కి అది రూపాయని ఎలా తెలుస్తుంది? దానికి కనబడింది పాత కొమ్మే. కంపెనీల వార్షిక నివేదికల్లో కోట్ల లెక్కల ముందు రూపాయికి బదులు ఆ చిన్న కొమ్ము అచ్చైపోయింది. ఇప్పటికీ పాత పీడీఎఫ్‌లు తిరగేస్తే దొరుకుతుంది. తెలుగు డీటీపీ సెంటర్ల కష్టం ఇంకోరకం. యూనికోడ్ ఎరగని పాత ఫాంట్లలో కొత్త గుర్తుకి చోటే లేదు. బొమ్మగా చేసి ఒక్కోచోటా అతికించుకోవాలి. దీనికి మందు ఒక్కటే. ప్రపంచ అక్షరాల పట్టికలో రూపాయికి సొంత నంబరు రావాలి.

మామూలుగా ఆ పట్టికలో కొత్త అక్షరం ఎక్కాలంటే ఏళ్లు పడుతుంది. దరఖాస్తులు, అభ్యంతరాలు, కమిటీలు. రూపాయికి మూడు నెలలు కూడా పట్టలేదు. 2010 అక్టోబరు 11న ఆ పట్టిక కొత్త కూర్పు, యూనికోడ్ 6.0 వచ్చింది. అందులో రూపాయి ఉంది. నంబరు 20బి9. మరుసటి ఏడు మే నెలలో మైక్రోసాఫ్ట్ విండోస్‌కి అప్‌డేట్ పంపింది. కీబోర్డుల మీద నాలుగు అంకె పక్కన గుర్తు అచ్చేయడం మొదలైంది. తెర మీద రూపాయి ఇక కొమ్ముగా మారలేదు.

మిగిలింది లోహం. 2011 జులైలో కొత్త గుర్తుతో నాణేలు బయటికొచ్చాయి. ఒకటి, రెండు, ఐదు, పది. వాటిలో కొన్ని మన దగ్గరే పుట్టాయి. సైఫాబాద్ మింట్ కాంపౌండ్ నుంచి ఎప్పుడో చర్లపల్లికి మారిన టంకశాలలో అచ్చు దిమ్మె కిందకి దిగింది, పైకి లేచింది, శిరోరేఖ ఉక్కు మీద పడింది. జేబులో నాణెం తీసి చూడండి. సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాద్‌ది. 2012 నుంచి నోట్ల మీదకీ ఎక్కింది. ఈ మధ్యలో గొడవలూ జరిగాయి. ఎంపిక పారదర్శకంగా జరగలేదని ఒకాయన ఢిల్లీ హైకోర్టుకెళ్లాడు. ఇందులో గీసిందేముంది అని పెదవి విరిచినవాళ్లున్నారు. హిందీ లిపి మీద దక్షిణాది నుంచి గొణుగుళ్లూ వినబడ్డాయి. గొణుగుళ్లే. గట్టిగా ఎవరూ అరవలేదు. అప్పట్లో.

పద్నాలుగేళ్లు. గుర్తు పాతబడి కనబడకుండా పోయింది. టీ కొట్టు క్యూఆర్ కోడ్ మీద ఉంది, ఫోన్‌పే తెర మీద ఉంది, ఎవరూ చూడట్లేదు. ఉదయకుమార్ గువాహటిలో ప్రొఫెసర్. ఇప్పుడు ఆయన దగ్గరా పరిశోధక విద్యార్థులు. అంతా సద్దుమణిగిందనుకున్నారు.

2025 మార్చి 13. చెన్నై. మర్నాడు తమిళనాడు బడ్జెట్. ముఖ్యమంత్రి ఎం.కె. స్టాలిన్ ఎక్స్‌లో బడ్జెట్ లోగో పెట్టారు. మామూలుగా ఎవరూ పట్టించుకోని లోగో. ఈసారి ఒకరు గమనించారు, తర్వాత పదిమంది, మధ్యాహ్నానికి దేశమంతా. ముందటి ఏళ్ల బడ్జెట్ లోగోల్లో ఉన్న రూపాయి గుర్తు మాయమైంది. దాని చోట తమిళ అక్షరం కూర్చుంది. 'రూ'.

నేపథ్యం వేడిగానే ఉంది. మూడు భాషల సూత్రం మీద కేంద్రానికీ చెన్నైకీ నెలలుగా పడట్లేదు. హిందీని రుద్దుతున్నారని స్టాలిన్ పార్టీ డీఎంకే, రాజకీయం చేస్తున్నారని బీజేపీ. ఆ మంటలో ఈ అక్షరం పడింది. పడగానే ఎవరో పాత ఫైలు తిరగేశారు. గుర్తు గీసింది తమిళుడే. తండ్రి ధర్మలింగం 1971లో రిషివందియం ఎమ్మెల్యే. పార్టీ? డీఎంకే.

ఇంకేముంది. తమిళనాడు బీజేపీ అధ్యక్షుడు అన్నామలై విరుచుకుపడ్డారు. కేంద్ర ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ పొడుగాటి పోస్టు పెట్టారు. గుర్తు నచ్చకపోతే 2010లో ఏం చేశారు, అప్పుడు కేంద్ర ప్రభుత్వంలో మీరూ ఉన్నారుగా అని నిలదీశారు. ఉన్నారు. నాటి కేంద్ర కేబినెట్ జాబితాలో ముగ్గురు డీఎంకే మంత్రులున్నారు. వాళ్లలో అళగిరి సాక్షాత్తూ స్టాలిన్ అన్న. టీవీ చర్చలు రాత్రంతా సాగాయి. తమిళంలో రాసుకుంటే తప్పేంటని ఒకరు, దేశం గుర్తునే కాదంటారా అని ఒకరు. మధ్యలో అందరి వేళ్లూ గువాహటి వైపు తిరిగాయి. ఆయనేమంటాడు?

గువాహటిలో ఫోన్ మోగింది. చానళ్లు, ఏజెన్సీలు, పత్రికలు. ఆయన కోప్పడలేదు. రాష్ట్ర ప్రభుత్వం తన లిపిలో పెట్టుకోవాలనుకుంది, అది వాళ్ల నిర్ణయం, తాను చెప్పేదేం లేదన్నారు. ఏ డిజైనూ అందరికీ నచ్చదని, విమర్శ ఈ వృత్తిలో ఉండేదేనని, దీన్ని అవమానంగా చూడట్లేదని అన్నారు. తండ్రి డీఎంకే ఎమ్మెల్యే కావడం కాకతాళీయమని, అది తాను పుట్టకముందు సంగతని చెప్పారు.

మర్నాడు చెన్నైలో ఆర్థికమంత్రి తంగం తెన్నరసు బడ్జెట్ చదివారు. నాణేల మీద, నోట్ల మీద గుర్తు మారలేదు. మారే వీలూ లేదు. రెండు రోజుల తర్వాత స్టాలిన్ మాట్లాడుతూ భాష విషయంలో తామెంత పట్టుదలగా ఉన్నామో చూపించడానికే ఆ అక్షరం పెట్టామన్నారు.

తమిళ 'రూ'లో ఆ మెలిక ఎక్కణ్నుంచి వచ్చింది, సీసం అచ్చులోకి దిగినప్పుడు దాని తోక ఏమైంది, తెర మీద ఏ మందంలో గీస్తే కంటికి ఆనుతుంది అని తెలుసుకోవాలంటే అడగాల్సినవాళ్లు దేశంలో కొద్దిమందే ఉంటారు. వాళ్లలో ఒకాయన నంబరు ఆ రెండు రోజులూ ప్రతి న్యూస్‌రూమ్ దగ్గరా ఉంది. ఆయన్ని అడిగింది నాన్న పార్టీ గురించి.